అంకె కింద గీత

హడ్సన్ నది పక్కన బస్సు మలుపు తిరిగేసరికి
గుట్ట మీద కోట.
ఇటలీలో ఆరు వందల ఏళ్ళు నిలబడి
ఓడెక్కి వచ్చి ఇక్కడ మళ్ళీ లేచి నిలబడ్డదట.
టికెట్టు పద్దెనిమిది డాలర్లు,
అరవై దాటితే పదమూడు.
నా తల చూసి, వయసు అడక్కుండానే పదమూడు తీసుకున్నారు.

గైడు పేరు కాన్చెట్టా. నా ఈడుదే.
మోకాలి నొప్పి. మెట్టు మెట్టుకీ గోడకి చెయ్యి ఆనించి
గోడని కుశలం అడుగుతున్నట్టు ఆగుతుంది.
"ఒక ఇనుము వ్యాపారి కొన్నాడు" అంది.
"ఆ కిటికీలోంచి వెన్నెల బాగుందని వాళ్ళావిడ అన్నదట.
నాలుగు వేల పెట్టెలు. రాయి రాయికీ ఒక అంకె.
వెన్నెలకే అంకె వెయ్యడం మర్చిపోయారు."
అందరూ నవ్వారు.
రోజూ ఇక్కడే నవ్వుతారనుకుంటా.

నేను అంకె దగ్గరే ఆగిపోయాను.

ఇరవై ఏళ్ళప్పుడు నా కూలీ అదే.
శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు ఊరి మీదికి రాకముందు
మా శివాలయాన్ని విప్పారు.
విప్పడం అనే అనేవాళ్ళం, మూట విప్పినట్టు.
ఓవర్సీరు మహబూబ్ పీరా గారు పటం చూసి అంకె అరిచేవారు.
తెల్లరంగు డబ్బా, కుచ్చు అరిగిన బ్రష్షు నావి.
రోజుకి నాలుగున్నర.
ఏనుగు తొండం నూట పన్నెండు.
నాట్యగత్తె నడుము రెండు వందల ఏడు,
ఆమె పాదాలు ఇంకో రాయి, ఇంకో లారీ.
నందికి వెయ్యనన్నాను.
వేశాను.

తోటలో సైప్రస్‌లు లేవు. ఇక్కడి మంచుకి చచ్చిపోయాయట.
వాటి వేషంలో జూనిపర్లు, బారులు తీరి.
ఒక్కటి మాత్రం పక్కకి ఒరిగి,
తాగొచ్చి సాక్ష్యం చెబుతున్నవాడిలా.
అక్టోబరు కదా, నిమ్మచెట్లని కుండీలతో సహా
చక్రాల బల్ల మీద గాజుల ఇంట్లోకి తోస్తున్నారు.
ఒక కుర్రాడు కొమ్మలు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు,
పచ్చి బాలింతని గడప దాటిస్తున్నట్టు.
అయినా ఒక కాయ రాలింది.
కాన్చెట్టా దాన్ని తీసి జేబులో వేసుకుంది, ఎవరూ చూడనట్టు.

అడిగాను: "ఆ అంకెలు ఏవి?"

జనాన్ని ఫోటోలకి వదిలేసి
గాజుల ఇంటి వెనక్కి, నీళ్ళ గొట్టం పక్కకి తీసుకెళ్ళింది.
నాచు గోకింది గోటితో.
నల్లగా, చిన్నగా: 66.
"తొంభై తొమ్మిది" అంది. "తలకిందులుగా ఉంది.
అసలు అరవై ఆరు వంటింటి గోడలో ఉంది.
రాళ్ళతో పాటే ఓడలో వచ్చిన మేస్త్రీ మా తాత.
బతికున్నన్నాళ్ళూ ఈ పక్కకి రాలేదాయన."

నాకు గొంతు ఎండింది.

మా గుడి వాయవ్యం మూల, కింది వరసలో
ఒక పూలతీగ రాయి ఉంది.
దిగాల్సిన తీగ ఎక్కుతూ ఉంటుంది.
ఎవరికీ తెలీదు. వచ్చేవాళ్ళు దేవుణ్ణి చూస్తారు,
ఆఫీసర్లు పటం చూస్తారు.
ప్రదక్షిణలో ఆ మూలకి రాగానే నేనొక్కణ్ణే
కాళ్ళ వంక చూసుకుంటాను, ఇన్నేళ్ళుగా.
"కింద గీత గియ్యరా, తొమ్మిదైతే కింద గీత గియ్యి!"
పీరా గారు అరుస్తూనే ఉండేవారు.
ఆ సాయంత్రం లారీ వెళ్ళిపోతోంది,
డబ్బాలో రంగు అడుగంటింది.

ఇదంతా చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు.
గొంతుక్కూర్చుని ఇసుకలో వేలితో 9 రాశాను.
ఆమె మోకాలు పట్టుకుని నాకెదురుగా వంగి చూసి
"సిక్స్" అంది.

కాదు కాదని తల ఊపి
గీత గీద్దామని వేలు ఆనించాను.
ఏ పక్క కింద? నా పక్కా, ఆమె పక్కా?

బస్సు హారన్ కొడుతోంది.
కాన్చెట్టా జేబులోంచి నిమ్మకాయ తీసి
ఆ అంకె మీద పెట్టింది.